నేను మూసేసిన గీత

ముల్లుకంచె ఇంకా మీ ఊరి కొండకి రాకపోతే ఇది మీకోసమే. వచ్చేసినా వినండి. చదవడం రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకోండి, అందులో సిగ్గేం లేదు. నాకు వచ్చిన రాత నా పేరొక్కటే. అప్పలనర్సమ్మ అని వంకరో టింకరో పెట్టగలను. మిగతాదంతా నేను చెబుతుంటే మా తోడికోడలి కూతురు రాస్తోంది. నా మాటల్ని పుస్తకం భాషలోకి సాపు చేస్తానంది. చేసుకో అన్నాను. కోపాన్ని మాత్రం సాపు చెయ్యకు అన్నాను.

మొన్నామధ్య మూడు రోజులు విశాఖపట్నం వెళ్ళొచ్చాను. ఊరు చూడ్డానికి కాదు. నా చేత్తో గీసిన గీతని నా చేత్తోనే విప్పుకుందామని.

కల్లంలో పటం

మా ఊరు పెందుర్తి దాటి లోపలికి, కొండ మొదట్లో ఉంటుంది. కొండ మీంచి ఒక గెడ్డ, చిన్న వాగు, దిగుతుంది. ఎండాకాలం గెడ్డ ఎండిపోతుంది గానీ దాని ఒడ్డున ఒక ఊట ఉంది, అది ఎండదు. ఊళ్ళో బోరు నీళ్ళు తుప్పు కంపు. తాగడానికీ వండుకోవడానికీ మాకు ఆ ఊటే దిక్కు. ఏటా తొలకరికి ముందు ఇంటికో రాయి పట్టుకెళ్ళి, పూడిక తీసి, గట్టు కట్టుకుంటాం. మా ఇంటాయన స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్ళొచ్చేవాడు. జ్వరం వచ్చినా పని మానని మనిషి, ఆ ఒక్క రోజూ నాగా పెట్టేవాడు.

కిందటేడు ట్రస్టు వాళ్ళు వచ్చారు. కొండ బోడిగా ఉంది, వానకి మట్టి కోసుకుపోతోంది, చెట్లు పెట్టి రాతికట్టలు కడితే ఊట పదికాలాలు ఉంటుంది అన్నారు. అది అబద్ధం కాదు. అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. అందుకే నన్ను కమిటీ ప్రెసిడెంటుని చేశారు. ట్రస్టుది మాట, ఒక ఫ్యాక్టరీది డబ్బు, మాది కొండ. ముగ్గురూ కలిస్తే దాన్ని భాగస్వామ్యం అంటారట.

ఎంతమేర చెట్లు పెట్టాలో, మేకల్ని ఎక్కడికి తోలకూడదో మేమే పటం గీసి చూపించాలన్నారు. కాగితం మీద కాదు, కల్లంలో, ముగ్గుపిండితో. ట్రస్టులో పనిచేసే రూతు అనే అమ్మాయి రంగు పొడులు తెచ్చింది. చెట్లకి ఆకుపచ్చ, నీళ్ళకి నీలం, హద్దుకి తెలుపు. మా ఆడవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు నక్కారు.

"మా ఒదిన గీత్తాది. ఊల్లో పెల్లిల్లన్నిటికీ ఆవిడ సెయ్యే," అంది మా ఆడపడుచు పైడమ్మ. అనేసి నాలిక కరుచుకుంది. మా ఆయన పోయి అయిదేళ్ళు. అప్పట్నించి నేను ముగ్గు ముట్టలేదు. మాలో ముట్టనివ్వరు.

రూతు నా చెయ్యి పట్టుకుంది. "పిన్నీ, ఇది పండగ ముగ్గు కాదు కదా. ఊరి పటం. మీరే గియ్యాలి."

కూర్చున్నాను. పిండి వేళ్ళ మధ్య నించి జారుతుంటే అయిదేళ్ళూ ఎక్కడికి పోయాయో నాకు తెలీదు. కొండ గీశాను, గెడ్డ గీశాను, ఇళ్ళు గీశాను. ఇక హద్దు. గెడ్డ ఒడ్డున ఏనుగురాయి అని ఒక బండ ఉంది. గీత అక్కడ మొదలై, కొండ నెత్తి మీంచి చుట్టి, అటుపక్క ఈతచెట్టు దగ్గర మళ్ళీ గెడ్డలోకి దిగి ఆగిపోవాలి. అక్కణ్ణించి గెడ్డే హద్దు. గెడ్డకి అవతల ట్రస్టు చెట్లు. ఇవతల మా మేత, మా ఊట. అవతలకి మేకల్ని తోలకూడదని ఊరంతా ఒప్పుకున్నాం.

ఈతచెట్టు దాకా సరిగ్గానే వచ్చాను. అక్కడ చెయ్యి ఆగలేదు. ముగ్గు కొస తెరిచి వదిలితే మా అమ్మ వేళ్ళ మీద కొట్టేది. చిన్నప్పుడు తిన్న ఆ దెబ్బలు చేతిలోంచి పోలేదు. గీతని గెడ్డ దాటించి, ఊట కిందనించి తిప్పి, ఏనుగురాయి దగ్గర కలిపేశాను. కలిపి, అందానికి ఒక మెలిక కూడా పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇదేంటని మాలో ఒక్కరూ అడగలేదు. తెరిచి వదిలుంటే మాత్రం తిట్టుండేవారు. రూతు స్టూలెక్కి ఫోటో తీసింది.

ఆర్నెల్లు తిరిగేసరికి సిమెంటు స్తంభాలు దిగాయి. నా గీత ఎలా పోయిందో అలాగే పాతారు. ఊట కిందనించి, మా మేత మధ్యలోంచి, ఏనుగురాయి దాకా. మెలిక పెట్టిన చోట కూడా రెండు స్తంభాలు పాతారు. ఆ మెలిక చూశాకే నాకు తెలిసింది, ఇది నా చెయ్యేనని. నా ముగ్గు మీద ఇనప ముళ్ళు.

కంచె వేయించే సూపర్‌వైజరుని నిలదీశాను. "మీ పటమే కదమ్మా. మీరు గీసిందే. ఫోటో ఉంది," అన్నాడు.

పట్నంలో ముగ్గురి సంతకాలూ అయితే కంచె గేటుకి తాళం పడుతుంది. ముప్పై ఏళ్ళ కాగితం. ఆ మూడు సంతకాల్లో ఒకటి నాది. నేనూ పైడమ్మా బయల్దేరింది దానికే.

పెందుర్తి

ఆటోలో పెందుర్తి దాకా మనిషికి ముప్పై రూపాయలు. ఒకప్పుడు ఈ దారి పొడుగునా చెరకు ఉండేది. ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు, రంగు జెండాలు. రాయి పాతితే భూమి ఎవరిదో మారిపోతుందని మనకి ఎప్పుడో తెలియాల్సింది.

బస్టాండు పక్కన బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. నాలుగు నలభై. చట్నీ నీళ్ళు. పైడమ్మ నా సంచీ సర్దబోయి చేతికి మెత్తగా తగిలితే విప్పి చూసింది. ముగ్గుపిండి పొట్లం.

"ఓలమ్మో, ఇదేటి ఒదినా?"

"సూడ్డం నేదేటి? ముగ్గు."

"నలుగురిలో నువ్వు ముగ్గట్టుకుంటావేటి? మన పరువేటవ్వాల?"

"పరువు ఊటకాడ కంచెలో ఇరుక్కుంది. ముందు దాన్ని తీసుకొద్దాం పద."

పైడమ్మ మూతి ముడుచుకుని పొట్లాన్ని సంచీ అడుక్కి తోసి, పైన నా రవిక పడేసింది. పక్కన ఇడ్లీ తింటున్న ముసలాయన వింటూనే ఉన్నాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "పట్నంలో ఎవులికి సూపిత్తావమ్మా ముగ్గు? ఆల్లకి స్టిక్కర్లున్నాయి కదా, గుమ్మంలో అంటించీసుకుంతారు."

నేను నవ్వలేదు గానీ పైడమ్మ నవ్వింది. రోజంతా మళ్ళీ నాతో మాట్లాడింది ఆ నవ్వు పుణ్యమే.

గోపాలపట్నం

ఆ రాత్రి బస రూతు వాళ్ళింట్లో. మార్కెట్టు వెనక సందులో రెండు గదులు. వాళ్ళ నాన్న పోర్టులో డ్యూటీకి వెళ్ళాడు. తల్లి ఎస్తేరమ్మ గుమ్మంలోనే మా సంచులు అందుకుంది. మా దగ్గర చుట్టం వస్తే కాళ్ళకి నీళ్ళిస్తాం. అక్కడ నీళ్ళు టిన్నులో వస్తాయి, ఇరవై లీటర్లు ముప్పై రూపాయలు. దాంతో కాళ్ళెవరు కడుక్కుంటారు! గ్లాసు చేతికిచ్చింది. తాగాను. ఏ రుచీ లేదు. తుప్పు లేదు, మట్టి లేదు, నీరన్న రుచే లేదు.

నెత్తళ్ళ చేపల పులుసు వండింది. కంచాల ముందు కూర్చున్నాక తల్లీ కూతురూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. "ఈ నీటికీ ఈ తిండికీ స్తోత్రం," అంది ఎస్తేరమ్మ. నీళ్ళకి దండం పెట్టే ఇల్లు చూసి నాకు మనసు కాస్త మెత్తబడింది. ఎంతసేపని! రెండు ముద్దలయ్యాక అడిగేశాను.

"రూతూ, ఆ పటం పట్టుకుని నువ్వు ఒక్కపాలైనా గెడ్డకాడికి ఎల్లి సూసేవా?"

కంచంలోంచి తలెత్తలేదు. "లేదు పిన్నీ. ఫోటో చూసి కంప్యూటర్లో గీశాను. మీ గీతలోపల ఊట కనపడింది. ఊట కూడా సంరక్షణలోకి వచ్చిందని రాశాను. డైరెక్టరు సారు చాలా సంతోషించారు."

"ఊటకి సంరచ్చనా? ఎవుల్నించి? మా బిందిల్నించా?"

"తర్వాత మీరు చెప్పాక సార్‌కి చెప్పాను పిన్నీ, ఒట్టు. మ్యాపు పైకి వెళ్ళిపోయింది, ఇప్పుడు కదపలేం అన్నారు."

"స్తంబాలు కదుల్తాయి గానీ మ్యాపు కదల్దేటి?"

పైడమ్మ నా మోకాలు గిల్లింది. ఎస్తేరమ్మ ఇంకో గరిటె పులుసు నా అన్నం మీద పోసి, గరిటె గిన్నెలో పెట్టకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

"అప్పా, అక్కలాటిదానివి, రేపెల్లుండి నువ్వు అడగవలసింది అడుగు. నీ ఊరు, నీ నీల్లు. కాకపోతే దీని పేరు మాత్రం తేకు. ఈ సంతకాలయితేనే దానికి ఇంకో మూడేల్లు ఉద్యోగం. దీని మీదే ఆదారపడ్డాం."

ఆవిడ చేత్తో పెట్టిన పులుసు నోట్లో ఉంది. ఏం చెప్పను! తేనన్నాను. కోపంతో పడుకున్నాను. కోపం ఎవరి మీదో తెలిస్తే నిద్ర పడుతుంది. ఆ పిల్ల మీదా, ఆ సారు మీదా, నా చేతి మీదా అని వెతుక్కుంటూ ఉంటే పట్టదు.

పరవాడ వైపు

మర్నాడు అయిదు ఊళ్ళ కమిటీలని ఒకే బస్సులో ఎక్కించారు. అందరి మెళ్ళోనూ పేరున్న అట్టలు వేశారు. నా పేరు సరిగ్గానే రాశారు, నేను కూడబలుక్కుని చూసుకున్నాను. ట్రస్టు డైరెక్టరు గారు బస్సులోనే మైకు పట్టుకుని, మీరు ఈ రోజు చూడబోయేది రేపటి మీ ఊరు అన్నారు. నేను లేచి అడగబోతే, "చూసొచ్చాక ప్రశ్నలమ్మా," అన్నారు. చూసొచ్చాక భోజనాలన్నారు. భోజనాలయ్యాక టైమైపోయిందన్నారు.

పరవాడ వైపు పోతుంటే చెట్ల ఆకులు బూడిద పూసుకున్నట్టుంటాయి. మా మేకలు ముట్టవు అలాంటి ఆకు. పొగగొట్టాలు దాటాక ఫ్యాక్టరీ వాళ్ళ తోట వచ్చింది. నిజం చెప్పాలి కదా, పచ్చగా ఉంది. చెట్లన్నీ బారులు తీరి, ఒక్కో చెట్టుకి నంబరు రేకు కొట్టి, బడిలో పిల్లల్లా నిలబడ్డాయి. మధ్యలో చెరువు. అడుగున నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి, మీద నీళ్ళు నిలబెట్టారు. గట్టు మీద బోర్డు, బోర్డు మీద భాగస్వాముల మూడు గుర్తులు. అంత నీళ్ళలో ఒక్క కప్ప లేదు. ఒక్క బిందె లేదు. ఒక్క ఆడమనిషి చీర తడవలేదు. ఇదెక్కడి చెరువు!

మిగతావాళ్ళు ఫోటోలకి నిలబడితే నేను ఆ పక్కకి పోయాను. టాంకరు పైపుతో మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు ఒకాయన. నాకంటే పెద్దవాడు. పేరు సింహాచలం.

"ఈ నీల్లెక్కడివి బావా?"

"బోరుయి."

"ఇక్కడి బోరా?"

"ఇక్కడి బోరు నీల్లు మొక్కలకొద్దన్నారు. పై ఊల్లోంచి టాంకరు తెత్తారు." నా మెడలో అట్ట చూశాడు. "మీరూ సంతకాలకి ఒచ్చినోరేనా?"

"అవును."

పైపు నేల మీద పడేసి చెయ్యి చూపించాడు. "అదిగో, ఆ మూల కానుగ సెట్టు సూడు. నంబరు నూట పన్నెండు. ఆ సెట్టున్నకాడ మా కల్లం. ఈ సెరువున్నకాడ ఊరి మేత. చెట్లు పెడతాం, మీదే ఉంతాది, మీరే సూసుకుంతారు అన్నారు. నానే సంతకమెట్టినాను. ఊరికి పెద్దని కదా."

"మరి మీదే ఉందా?"

చొక్కా జేబులోంచి కార్డు తీశాడు. ఫోటో ఉన్న కార్డు. "ఇదుంటే లోనికి రానిత్తారు. ఆదోరం పని చెయ్యదు."

వాళ్ళ మీద కంటే, ఇంత నెమ్మదిగా నవ్వుతూ చెబుతున్నందుకు అతని మీద వచ్చింది కోపం. "ఇలగ నవ్వుతా సెప్తావేటి? తన్నాలనిపించదా?"

"అనిపించింది అప్పా. అప్పటికి సంతకమైపోయింది." పైపు మళ్ళీ తీసుకున్నాడు. "నీదైపోయిందా?"

"రేపు."

మొక్కల వైపు తిరిగాడు. నూట పన్నెండు నంబరు చెట్టుకి మాత్రం మిగతావాటికంటే ఎక్కువసేపు నీళ్ళు పెట్టాడు. నేను చూశాను.

మధ్యాహ్నం డబ్బాల్లో బిర్యానీ ఇచ్చారు. పైడమ్మ తింది. నాకు ఇంటి దగ్గర చోడి అంబలి, అదే రాగి అంబలి, గుర్తొచ్చి దిగలేదు. అంబలికి నీళ్ళు మంచివి కావాలి. బిర్యానీకి ఏ నీళ్ళయినా సరిపోతుంది కాబోలు.

బీచి రోడ్డు

మూడో రోజు హోటలు. బస్సు దిగి సముద్రం వైపు చూద్దామని రెండడుగులు వేశానో లేదో నా చెప్పు ఉంగటం తెగింది. చెట్టు కింద కుట్టేవాడు ఇరవై అడిగాడు. పెందుర్తిలో పది. బేరమాడుతుంటే, "సముద్రం గాలి కూడా కలిపేనమ్మా," అన్నాడు. కుట్టు మాత్రం గట్టిగా కుట్టాడు. దూరంగా ఓడలు పోర్టులోకి వంతుకోసం నిలబడున్నాయి. వాటికి కూడా వంతుంది. మాట్లాడ్డానికి నాకే లేదు.

హోటలు గుమ్మంలో సంచులు మిషన్లో పెట్టాలి. నా సంచీ దగ్గర మిషను ఆపారు. కాపలా కుర్రాడు రవిక తీసి పక్కన పెట్టి, పొట్లం పైకెత్తాడు.

"ఏటమ్మా ఈ పొడి?"

"ముగ్గు."

"ముగ్గెందుకు?"

"ముగ్గెయ్యడానికి."

వాసన చూశాడు. ఇంకొకణ్ణి పిలిచి వాడికీ చూపించాడు. వాడూ వాసన చూశాడు. పైడమ్మ సిగ్గుతో ముఖానికి కొంగడ్డం పెట్టుకుంది. ఆఖరికి, "మా అమ్మ కూడా ఇలాటిదే తెచ్చుకుంతాది, పల్లెనించి," అని వాడే కట్టి ఇచ్చాడు. ఆ పట్నంలో నా సరుకుని సరుకుగా చూసింది వాడొక్కడే.

లోపల నేల అద్దంలా ఉంది. చలి. వేదిక మీద పూలు, వెనక పెద్ద తెర. డైరెక్టరు గారు మాట్లాడారు. ఫ్యాక్టరీ తరపున వచ్చిన పెద్దాయన మాట్లాడారు. ప్రజల భాగస్వామ్యం అన్నారు, ప్రజలే గీసుకున్న పటం అన్నారు. తెర మీద నా ముగ్గు పడింది, గది అంత పెద్దగా. కొండ, గెడ్డ, ఆ తెల్లగీత, ఆ మెలిక. అంత పెద్దగా చూస్తే ఎంత అందంగా ఉందో! ఆ అందం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే మండింది.

నా పేరు పిలిచారు. చప్పట్లు. వేదిక ఎక్కాను. కాగితం కింద మూడు గీతలు. రెండిటి మీద అప్పటికే సంతకాలు. మూడోది నాకోసం ఖాళీగా ఉంది. నా చేతికి పెన్ను ఇచ్చారు. మీకు ఇక్కడ తెలియాలి, నాకు వచ్చింది ఆ ఒక్క రాతే. రాత్రి బడిలో నెల్లాళ్ళు చెయ్యి నొప్పెట్టేలా నేర్చుకున్న రాత. దాన్ని ఇలాంటి చోట, ఇంతమంది ముందు పెట్టాలని ఎవరికి ఉండదు!

పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచాను. "గీత తప్పు బాబూ. మార్చండి, సంతకమెడతాను."

డైరెక్టరు గారు మైకు మీద చెయ్యి మూశారు. "అమ్మా, ఇది కార్యక్రమం. తర్వాత మాట్లాడుకుందాం."

"తరవాతంటే ఎప్పుడు? తాళం పడ్డాకా?"

"మీరు గీసిందే కదమ్మా. చూడండి తెర మీద."

"నానే గీసినాను. అందుకే నానే సెప్తన్నాను తప్పని."

ఆయన నవ్వుతూ ఫ్యాక్టరీ పెద్దాయన వైపు చూశారు, ఈవిడ అంతే అన్నట్టు. ఆ నవ్వుతో నా కాళ్ళు నన్ను అడక్కుండానే మెట్లు దిగాయి. వేదిక ముందు ఆ అద్దం నేల మీద కూర్చుని పొట్లం విప్పాను. ఎవరో వద్దమ్మా వద్దమ్మా అంటున్నారు. కొండ గీశాను. గెడ్డ గీశాను. ఊటకి చుక్క పెట్టాను. ఏనుగురాయి దగ్గర హద్దు మొదలుపెట్టి, నెత్తి మీంచి చుట్టి, ఈతచెట్టు దగ్గరికి దిగాను.

అక్కడ నా చెయ్యి మళ్ళీ పోయింది.

ఇంత తెలిసీ, ఇంత దూరం వచ్చీ, పిండి గెడ్డ దాటేస్తోంది. అప్పుడు ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. చూస్తే పైడమ్మ. మూడు రోజులూ సిగ్గుతో చచ్చిన మనిషి, అంతమంది ముందు నా పక్కన గొంతుకూర్చుంది.

"ఆపొదినా. ఇక్కడే ఆగాల."

జారిన పిండిని తన కొంగుతో తుడిచేసింది. గీత అక్కడ ఆగింది. రెండు కొసలూ తెరుచుకుని ఉన్నాయి.

వెనకనించి వేరే ఊరి కమిటీ ఆవిడ ఉండబట్టలేక అరిచింది. "అయ్యో, అలగ ఒగ్గీకండమ్మా, మంచిది కాదు! కలిపీయండి!"

నేను తెర వైపు చెయ్యి చూపించాను. "అదిగో, కలిపీసినాను. కలిపీసినందుకు మా ఊట కంచె లోపలకెల్లిపోనాది. మీరు కూడా గీసినారు కదా పటాలు? మీ ఊల్లో ఏటి కలిపీసినారో ఓపాలి సూసుకోండి!"

ఆడవాళ్ళ వరసల్లో గుసగుస మొదలైంది. ఒకావిడ తన పటం కాగితం పక్కావిడ ఒళ్ళో పరిచి వేలు పెట్టి చూపిస్తోంది. ఫ్యాక్టరీ పెద్దాయన వేదిక దిగి వచ్చి ముగ్గు అంచున నిలబడ్డారు, తొక్కకుండా. ఆ మర్యాద ఆయనకుంది, చెప్పాలి. "ఈ పటాన్ని కంప్యూటర్లోకి ఎక్కించింది ఎవరు?" అని అడిగారు.

నేను నోరు మూసుకున్నాను. ఎస్తేరమ్మకి మాటిచ్చాను. నా కోసం నేను చాలా మాటలు తప్పాను గానీ తిన్న అన్నం దగ్గర తప్పను. డైరెక్టరు గారు చేతిలో కాగితాలు తిరగేస్తున్నారు.

"నేనే సర్," అని గోడ దగ్గర నించి వినిపించింది. రూతు. "ఆవిడ కలిపిన గీత ముగ్గుదా, హద్దుదా అని నేను అడగలేదు. సైటుకి వెళ్ళలేదు. గెడ్డ ఇవతల ఊరు నీళ్ళు తెచ్చుకునే చోటు. తర్వాత తెలిసింది, చెప్పాను."

ఎవరికి చెప్పిందో అనలేదు. అనక్కర్లేకపోయింది.

అయినా వాళ్ళు వాళ్ళే. పెద్దాయనా డైరెక్టరు గారూ పక్కకెళ్ళి మాట్లాడుకుని వచ్చి, ఈ రోజుకి సంతకం పెట్టెయ్యండి, సవరణ తర్వాత కాగితం వేస్తాం అన్నారు. పత్రికల వాళ్ళు వచ్చి ఉన్నారట. నాకు సింహాచలం కార్డు కళ్ళ ముందు కదిలింది.

"నాకొచ్చింది నా పేరొక్కటే బాబూ. అది తీసుకుంటే నా కాడ ఇంకేటీ ఉండదు. గీత మార్చి తెండి, ఊల్లోనే ఎడతాను. ఊటకాడ కూకుని ఎడతాను."

మూడో గీత ఖాళీగా ఉన్న కాగితాన్నే పట్టుకుని ఇద్దరూ ఫోటో దిగారు. నన్ను మధ్యలో నిలబడమన్నారు. నిలబడలేదు.

జనం భోజనాలకి లేచాక హోటల్లో నేల తుడిచే ఆవిడ గుడ్డకర్ర పట్టుకుని వచ్చి నిలబడింది. "అయిపోనాదా అమ్మా? తుడిసీమంటన్నారు," అంది. తుడవమన్నాను. ఊట చుక్క దగ్గర ఆగి, చుట్టూ తుడిచి, దాన్ని ఆఖరికి తుడిచింది.

మళ్ళీ ఊట దగ్గర

మేం తిరిగొచ్చి నెల దాటింది. కొత్త పటం రాలేదు. రూతు ఫోన్ చేసింది. హోటల్లో కలిపీయమని అరిచిన ఆ వేరే ఊరావిడ కూడా సంతకం పెట్టనందిట, వాళ్ళ పటంలో శ్మశానం కలిసిపోయిందిట. రూతుని ఇంకా తియ్యలేదు, ఉంచుతామనీ అనలేదు. ఎస్తేరమ్మ నాతో మాట్లాడ్డం లేదు. మాట్లాడకపోయినా తప్పు పట్టను.

తొలకరి దగ్గర పడింది. ఊట పూడిక తీసే రోజు వచ్చింది. ఇంటికో రాయి పట్టుకుని వెళితే దారికి అడ్డంగా కంచె. గేటు అటు ఫర్లాంగు దూరం. నెత్తిన రాయి పెట్టుకుని గేటు దాకా పోయి చుట్టూ తిరిగి రమ్మంటారా? రాళ్ళు కింద పెట్టాం. గడ్డపార తెచ్చాం. ఊట కింద నాలుగు స్తంభాలు, మెలిక దగ్గరి రెండు, మొత్తం ఆరు పీకి, తీగ చుట్టచుట్టి, ముళ్ళు ఎవరికీ గుచ్చుకోకుండా ఏనుగురాయి పక్కన పద్ధతిగా పేర్చాం. కొండ మీద పెట్టిన మొక్కల జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఇప్పటికీ ఒక్క మేక గెడ్డ అవతలకి పోలేదు. కావాలంటే వచ్చి చూసుకోండి.

సాయంత్రానికి సూపర్‌వైజరు బండేసుకుని వచ్చాడు. స్తంభాల గుంటలు చూసి కేకలేశాడు.

"ఎవరు పీకింది? ఎవరిచ్చారు పర్మిషను?"

ఊట గట్టు మీద ఆఖరి రాయి పెడుతున్నాను. అది మా ఇంటి రాయి, మా ఆయన వంతు. మట్టి చేతుల్తోనే లేచాను.

"నానే. గీసింది నానే, చెరిపింది నానే."

వాడు జేబులోంచి ఫోను తీశాడు, సాక్ష్యానికి. మా ఆడవాళ్ళు వెనక్కి తగ్గబోతే నేనే ఆగమన్నాను. ఏనుగురాయికీ ఈతచెట్టుకీ మధ్య, కంచె లేని చోట వెళ్ళి నిలబడ్డాను.

"తియ్యి నాయినా. కిందటిపాలి పైనించి తీసినారు, సరిగ్గా రానేదు. కొంచిం ఎనక్కెల్లి తియ్యి. ఈ కాలీ జాగా అంతా పడాల."